ఈస్టా, వెస్టా? ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏ కాన్ఫరెన్స్ బలమైనదో లెక్క తేల్చే పద్ధతి

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, రెండు వర్గాలుగా (కాన్ఫరెన్స్‌లుగా). పదహారు ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో, పదహారు వెస్టర్న్ కాన్ఫరెన్స్‌లో. ఏటా ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్, అంటే కప్ కోసం జరిగే నాకౌట్ సిరీస్‌లు, మొదలయ్యే సమయానికి ఒకటే వాదన: ఈ ఏడాది ఏ వైపు గట్టిగా ఉంది? అమెరికాలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లు కూడా ఈ గీతకు రెండు వైపులా ఉన్నాయి. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటే, స్టార్స్ జట్టు ప్రాక్టీస్ చేసేది అక్కడే, కాబట్టి మనసు వెస్ట్ వైపు. ఎడిసన్‌లో ఉంటే న్యూజెర్సీ డెవిల్స్, అంటే ఈస్ట్.

ఈ వాదనలో ఎక్కువమంది వాడే ఆధారాలు రెండే: ఎవరు ఎన్ని స్టాన్లీ కప్‌లు (లీగ్ టైటిళ్లు) గెలిచారు, పాయింట్ల పట్టికలో ఎవరికి ఎన్ని పాయింట్లు ఉన్నాయి. రెండూ తప్పుదారి పట్టిస్తాయి. ఒక సీజన్‌లో ఈ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చేవి 512 మ్యాచ్‌లు మాత్రమే. ఈస్ట్ జట్టు, వెస్ట్ జట్టు ముఖాముఖి తలపడే మ్యాచ్‌లు అవి. వాటిని బయటికి తీయడం, చదవడం, అవి ఎంతవరకు చెప్పగలవో తెలుసుకోవడం, మొత్తం పని ఇంతే. పట్టిక, కాగితం, కాలిక్యులేటర్ చాలు. ఉదాహరణకు 2023-24 సీజన్ తీసుకుంటాను. ఇందులో దాదాపు ప్రతి ఉచ్చూ ఉంది.

మొదటి అడుగు: ఏ ప్రశ్న అడుగుతున్నారో తేల్చుకోండి

"బలమైన కాన్ఫరెన్స్" అన్న మాటలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. సగటు ఈస్ట్ జట్టు సగటు వెస్ట్ జట్టును ఓడిస్తుందా? ఏ వైపు ప్లేఆఫ్స్‌కు వెళ్లడం కష్టం? కప్ గెలవగల జట్లు ఏ వైపు ఎక్కువ? ఒకే సీజన్‌లో ఈ మూడింటికీ మూడు జవాబులు రావచ్చు. 2023-24లో దాదాపు అదే జరిగింది. ప్రశ్న ఏదో ముందు రాసుకుంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

రెండో అడుగు: షెడ్యూల్ అర్థం చేసుకోండి

2021లో సియాటిల్ క్రాకెన్ వచ్చి లీగ్ 16-16గా సమానమైంది. ఒక్కో కాన్ఫరెన్స్‌లో ఎనిమిదేసి జట్ల డివిజన్లు రెండు. అప్పటి నుంచి 2025-26 దాకా ఒక్కో జట్టుకు 82 మ్యాచ్‌లు. అందులో 26 సొంత డివిజన్‌తో, 24 అదే కాన్ఫరెన్స్‌లోని రెండో డివిజన్‌తో, 32 అవతలి కాన్ఫరెన్స్‌తో. అవతలి పదహారు జట్లలో ప్రతిదానితో రెండేసి మ్యాచ్‌లు, ఒకటి ఇంట్లో, ఒకటి బయట. పదహారును పదహారుతో గుణించి రెట్టింపు చేస్తే 512.

సీజన్ పూర్తయ్యాక ఇంటి మైదానం లాభం రెండు వైపులా సమానంగా పంచుకుపోతుంది కాబట్టి దానికి విడిగా సవరణ చేయక్కర్లేదు. జనవరిలో లెక్క వేస్తే మాత్రం జాగ్రత్త. అప్పటికి ఒక వైపు ఎక్కువ మ్యాచ్‌లు ఇంట్లో ఆడేసి ఉండవచ్చు.

ప్రయాణం సంగతి వేరు. ఈస్ట్‌లోని పదహారు జట్లూ ఒకే టైమ్ జోన్‌లో ఉన్నాయి. వెస్ట్‌లో ఆరు సెంట్రల్ టైమ్‌లో, నాలుగు మౌంటెన్‌లో, ఆరు పసిఫిక్‌లో. వెస్ట్ జట్లకు విమానాల్లో గడిచే సమయం సీజన్ మొత్తం ఎక్కువ. 2013లో డెట్రాయిట్, కొలంబస్ ఈస్ట్‌కు మారినప్పుడు ఆ రెండు ఊళ్ల అభిమానులు సంతోషించడానికి ఇదొక పెద్ద కారణం. ఈ అలసటను నేను లెక్కలో కలపను. కానీ వెస్ట్ కాస్త వెనకబడినట్టు కనిపించిన ఏడాది దీన్ని గుర్తుంచుకోవాలి.

మూడో అడుగు: పట్టిక నుంచే ముఖాముఖి ఫలితం లాగండి

చాలామందికి తెలియని చిన్న కిటుకు ఇది. నాకు చాలా ఇష్టమైనది కూడా.

రెండు ఈస్ట్ జట్లు ఆడుకుంటే ఈస్ట్ ఖాతాలో ఎప్పుడూ సరిగ్గా ఒక గెలుపు చేరుతుంది. ఎవరు గెలిచినా అంతే. కాబట్టి లోపల ఆడుకున్న మ్యాచ్‌లు రెండు కాన్ఫరెన్స్‌ల పోలికకు ఏమీ కలపవు, ఏమీ తీయవు. ఒక్కో కాన్ఫరెన్స్‌లో లోపలి మ్యాచ్‌లు ఎన్ని? పదహారు జట్లకు 82 చొప్పున 1312, అందులోంచి అవతలి వాళ్లతో ఆడిన 512 తీసేస్తే 800. ప్రతి మ్యాచ్‌ను రెండు జట్ల వైపు నుంచి రెండుసార్లు లెక్కపెట్టాం కనుక 400.

అంటే పదహారు జట్ల గెలుపులు కూడి 400 తీసేస్తే, మిగిలింది అవతలి కాన్ఫరెన్స్‌పై గెలిచిన మ్యాచ్‌ల సంఖ్య. ఒక్కో మ్యాచ్ ఫలితం వెతుక్కోవాల్సిన పనే లేదు.

2023-24లో ఈస్ట్ జట్ల గెలుపులన్నీ కలిపితే 664. వెస్ట్‌వి 648. రెండూ కలిస్తే 1312, లీగ్‌లో జరిగిన మొత్తం మ్యాచ్‌లు కూడా 1312, కాబట్టి కూడిక సరిపోయింది. ఈ తనిఖీ ప్రతిసారీ చేయండి, ఎక్కడైనా అంకె తప్పుగా రాసుకుంటే ఇక్కడే దొరుకుతుంది. ఇప్పుడు 400 తీసేస్తే ఈస్ట్ 264, వెస్ట్ 248. ముఖాముఖిలో ఈస్ట్‌కు 16 గెలుపుల ఆధిక్యం, శాతంలో 51.6.

నాలుగో అడుగు: పాయింట్లను నమ్మకండి

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎక్కువ పోలికలు దెబ్బతినేది ఇక్కడే.

ఎన్‌హెచ్‌ఎల్‌లో గెలిస్తే 2 పాయింట్లు. మామూలు 60 నిమిషాల్లో ఓడితే సున్నా. ఓవర్‌టైమ్‌లోనో (అదనపు సమయం), అప్పటికీ తేలకపోతే జరిగే షూటౌట్‌లోనో ఓడితే 1 పాయింట్. అంటే మ్యాచ్ 60 నిమిషాల్లో తేలితే లీగ్‌లోకి 2 పాయింట్లు వస్తాయి, తేలకపోతే 3. ఆ మూడో పాయింట్ ఎవరి నుంచీ తీసుకున్నది కాదు, కొత్తగా పుట్టింది. ఒకే కాన్ఫరెన్స్‌లోని రెండు జట్లు ఓవర్‌టైమ్‌కు వెళ్తే, అవతలి వాళ్లను ఓడించకుండానే ఆ కాన్ఫరెన్స్ మొత్తం పాయింట్లు పెరుగుతాయి.

2023-24లో ఈస్ట్ జట్ల పాయింట్ల మొత్తం 1480, వెస్ట్‌ది 1415. సగటున ఈస్ట్ జట్టుకు 92.5, వెస్ట్ జట్టుకు 88.4. ఒక్కో జట్టుకు నాలుగు పాయింట్ల తేడా అంటే చూడటానికి పెద్దదే. కానీ ఆ 65 పాయింట్ల తేడాను విడదీసి చూడండి. 16 గెలుపుల ఆధిక్యం నుంచి వచ్చినవి 32 పాయింట్లు. మిగతా 33? ఈస్ట్ జట్లు ఓవర్‌టైమ్‌లోనూ షూటౌట్‌లోనూ 152 సార్లు ఓడాయి, వెస్ట్ జట్లు 119 సార్లు. తేడా సరిగ్గా 33. పాయింట్లలో కనిపించిన ఆధిక్యంలో సగానికి పైగా, ఓడినా దక్కిన పాయింట్లదే.

ఒక్కో జట్టు దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఏడాది ఈస్ట్‌లో బోస్టన్ 47 మ్యాచ్‌లు గెలిచింది, వెస్ట్‌లో నాష్‌విల్ కూడా 47 గెలిచింది. బోస్టన్‌కు 109 పాయింట్లు, నాష్‌విల్‌కు 99. బోస్టన్ అదనపు సమయంలో 15 సార్లు ఓడింది, నాష్‌విల్ 5 సార్లు. పది పాయింట్ల తేడా మొత్తం అక్కడి నుంచే. మ్యాచ్‌ను 60 నిమిషాల పాటు సమంగా లాక్కురావడం కూడా బలమే కదా అనవచ్చు, కొంత నిజం. కానీ రెండు కాన్ఫరెన్స్‌లను పోల్చేటప్పుడు అది ఎవరిని ఎదురించి చేసిన పనో పాయింట్ల వరుస చెప్పదు.

ఇదే కారణంతో "మా కాన్ఫరెన్స్ అవతలి వాళ్ల మీద 50 శాతానికి పైగా పాయింట్లు తెచ్చుకుంది" అన్న మాటకు విలువ లేదు. మూడు పాయింట్ల మ్యాచ్‌లు ఉన్నంతవరకు రెండు కాన్ఫరెన్స్‌లూ ఒకేసారి 50 శాతం దాటగలవు. గెలుపులు చూడండి. ఇంకాస్త ఓపిక ఉంటే 60 నిమిషాల్లోపే గెలిచినవి విడిగా చూడండి. 2015-16 నుంచి ఓవర్‌టైమ్‌లో వైపుకు ముగ్గురు చొప్పునే ఆడుతున్నారు, షూటౌట్ ఒంటరి ఆటగాడికీ గోలీకీ (గోల్‌కీపర్‌కీ) మధ్య పోటీ. అయిదుగురు చొప్పున ఆడే అసలు ఆటలో ఎవరు గట్టివాళ్లో అవి అంతగా చెప్పవు.

అయిదో అడుగు: అదృష్టం ఎంతో కొలవండి

264-248 అంటే ఈస్ట్ నిజంగా బలమైనదా? సమానమైన రెండు వర్గాలు 512 మ్యాచ్‌లు ఆడినా సరిగ్గా 256-256 రావడం అరుదు. ఎంత తేడా దాకా అదృష్టం ఖాతాలో వేయాలో చెప్పే సులువైన కొలత ఉంది: మ్యాచ్‌ల సంఖ్యకు వర్గమూలం. సగం నుంచి అటూ ఇటూ అంత దూరంలోపు ఫలితం ఉంటే, అది కేవలం అదృష్టం వల్ల కూడా వచ్చి ఉండవచ్చు. సమాన బలం ఉన్నప్పుడు వందలో సుమారు 95 సార్లు ఫలితం ఈ హద్దుల్లోనే ఉంటుంది.

512కు వర్గమూలం సుమారు 22.6. కాబట్టి 233 నుంచి 279 గెలుపుల దాకా "సమానమే కావచ్చు" అనాలి. 264 ఆ హద్దు లోపలే, మధ్యకు దగ్గరగానే ఉంది. 2023-24లో ముఖాముఖి గెలుపుల ఆధారంగా ఈస్ట్ బలమైనదని తీర్పు ఇవ్వలేం. "కాస్త ముందుంది" అనవచ్చు, అంతకు మించి కాదు.

పాత సీజన్లకు ఈ కొలత మరీ అవసరం. 2005-06 నుంచి 2007-08 దాకా ఒక్కో జట్టు అవతలి కాన్ఫరెన్స్‌తో ఆడింది పది మ్యాచ్‌లే. లీగ్ మొత్తంలో ఏడాదికి 150. వర్గమూలం 12, అంటే 63 నుంచి 87 దాకా అదృష్టమే కావచ్చు. 58 శాతం గెలుపులు కూడా గట్టి రుజువు కాదన్నమాట. తర్వాత 2011-12 దాకా జట్టుకు 18, మొత్తం 270.

సంఖ్య పెంచాలంటే మూడు సీజన్లు కలపవచ్చు. 1536 మ్యాచ్‌లకు హద్దు 39 గెలుపులు, అంటే 52.5 శాతం దాటితే ఏదో నిజమైన తేడా ఉన్నట్టే. అయితే మూడేళ్లలో ఆటగాళ్లు మారతారు, కోచ్‌లు మారతారు. అంతకంటే ఎక్కువ ఏళ్లు కలిపితే కొలుస్తున్నది ఏ జట్టునో చెప్పడం కష్టం.

ఆరో అడుగు: సగటు, మధ్యగతం, అడుగున ఉన్నవాళ్లు

2023-24 పట్టికను ఇంకోలా చూద్దాం. జట్లను పాయింట్ల వరుసలో పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్న విలువ, అంటే మధ్యగతం తీస్తే ఈస్ట్‌కు 91, వెస్ట్‌కు 95. సగటులో ఈస్ట్ నాలుగు పాయింట్లు ముందు, మధ్యగతంలో వెస్ట్ నాలుగు పాయింట్లు ముందు!

కారణం అడుగున ఉంది. శాన్ హోసే 47, షికాగో 52, అనహైమ్ 59. లీగ్ మొత్తంలో చివరి మూడు జట్లూ వెస్ట్‌వే. ఈస్ట్‌లో చివర ఉన్న కొలంబస్‌కు కూడా 66 వచ్చాయి. రెండు వైపులా చివరి మూడేసి జట్లను పక్కనపెట్టి మిగతా పదమూడు కూడండి: ఈస్ట్ 1260, వెస్ట్ 1257. పదమూడు జట్లు, మూడే పాయింట్ల తేడా.

ప్లేఆఫ్స్ గీత కూడా ఇదే కథ చెబుతున్నట్టు కనిపిస్తుంది. ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి ఎనిమిది జట్లే లోపలికి వెళ్తాయి. వెస్ట్‌లో చివరి చోటు దక్కించుకున్న వేగస్‌కు 98 పాయింట్లు. ఈస్ట్‌లో వాషింగ్టన్ 91తో లోపలికి వెళ్లింది, అదీ అవే 91 ఉన్న డెట్రాయిట్‌ను 60 నిమిషాల్లోపు గెలుపుల లెక్కలో దాటి. సీజన్ మొత్తంలో వేసిన గోల్స్ కంటే 37 ఎక్కువ తిన్న జట్టు వాషింగ్టన్. అటు వెస్ట్‌లో 92 పాయింట్లు తెచ్చుకున్న సెయింట్ లూయిస్ ఇంట్లో కూర్చుంది. సెయింట్ లూయిస్ అభిమానుల బాధ న్యాయమైనదే.

అయితే ఇక్కడ తొందరపడి "వెస్ట్ మధ్య వరుస గట్టిది" అనకండి. వెస్ట్‌లో మంచి జట్లకు అన్ని పాయింట్లు ఎలా వచ్చాయి? కొంత భాగం ఆ మూడు బలహీన జట్ల మీదే. లోపలి మ్యాచ్‌ల్లో ఒకరి ఓటమి ఇంకొకరి గెలుపు. అడుగున ఉన్నవాళ్లు ఎంత లోతుకు పడితే పైవాళ్లు అంత పైకి కనిపిస్తారు. 98 అన్న గీత వెస్ట్ మధ్య వరుస బలం వల్ల ఎంత పెరిగిందో, అడుగు వరుస బలహీనత వల్ల ఎంత పెరిగిందో పట్టిక విడదీసి చెప్పలేదు.

విడదీయాలంటే మ్యాచ్‌ల జాబితా కావాలి. ఎన్‌హెచ్‌ఎల్ సైట్‌లో ప్రతి ఫలితమూ దొరుకుతుంది. ముఖాముఖి 512లో, రెండు వైపులా చివరి మూడేసి జట్లు ఆడినవి తీసేయండి. పదమూడు జట్లు పదమూడు జట్లతో రెండేసి సార్లు, అంటే 338 మ్యాచ్‌లు మిగులుతాయి. హద్దు సుమారు 18. ఒక వైపు 187 దాటితేనే అడుగు వరుసలు తీసేశాక కూడా ఆ కాన్ఫరెన్స్ బలమైనదని గట్టిగా అనవచ్చు. కప్ పోటీదారుల గురించి అడుగుతుంటే పై ఎనిమిది జట్లతో ఇదే పని చేయండి. అప్పుడు 128 మ్యాచ్‌లే కాబట్టి హద్దు 11 చుట్టూ ఉంటుంది, ఒకవైపు 75 దాకా వచ్చినా గట్టి రుజువు లేనట్టే.

ఏడో అడుగు: గోల్స్ చూడండి

గెలుపు అన్నది అవును-కాదు సమాచారం. 6-1 గెలుపూ, 3-2 గెలుపూ అందులో ఒకటే. గోల్స్ తేడా ఇంకాస్త ఎక్కువ చెబుతుంది. మూడో అడుగులోని కిటుకు ఇక్కడ ఇంకా సులువు: పదహారు జట్ల గోల్స్ తేడాను కూడితే చాలు. లోపలి మ్యాచ్‌లలో ఒకరి ప్లస్ ఇంకొకరి మైనస్ అయి రద్దవుతాయి, మిగిలేది ముఖాముఖి తేడానే. ఈస్ట్ మొత్తం ఎంత ప్లస్‌లో ఉంటే వెస్ట్ సరిగ్గా అంత మైనస్‌లో ఉండాలి. లేకపోతే కూడికలో తప్పుంది.

రెండు జాగ్రత్తలు. షూటౌట్ గెలిచిన జట్టుకు పట్టికలో ఒక గోల్ కలుపుతారు. అలాగే చివరి నిమిషాల్లో వెనకబడ్డ జట్టు గోలీని తీసేసి అదనపు ఆటగాడిని దింపినప్పుడు పడే ఎంప్టీ నెట్ గోల్స్ తేడాను ఉన్నదానికంటే పెద్దదిగా చూపిస్తాయి.

స్ప్రెడ్‌షీట్ అలవాటున్నవాళ్లు ఒక మెట్టు ముందుకు వెళ్లవచ్చు. ప్రతి జట్టుకూ మ్యాచ్‌కు సగటు గోల్స్ తేడా రాయండి, అదే దాని మొదటి రేటింగ్. దానికి ఆ జట్టు ఆడిన ప్రత్యర్థుల సగటు రేటింగ్ కలపండి. ఇప్పుడు అందరి రేటింగ్‌లూ మారాయి కాబట్టి మళ్లీ లెక్కించండి. అంకెలు కదలడం ఆగేదాకా ఇలా తిప్పితే, ఎవరు ఎవరితో ఎన్నిసార్లు ఆడారన్న తేడా సర్దుకుపోతుంది. చివర్లో పదహారేసి రేటింగ్‌ల సగటు తీయండి.

ఎనిమిదో అడుగు: ఒక జట్టుకు దీనివల్ల ఎంత నష్టం?

"మేం అవతలి కాన్ఫరెన్స్‌లో ఉంటే పది పాయింట్లు ఎక్కువొచ్చేవి" అన్న మాట తరచూ వింటాం. లెక్క చూద్దాం. జట్టు సొంత కాన్ఫరెన్స్‌తో 50, అవతలి దానితో 32 ఆడుతుంది. వైపు మారితే ఈ అంకెలు తారుమారవుతాయి, అంటే నిజంగా మారేది 18 మ్యాచ్‌లు. ముఖాముఖిలో ఒక వైపు 55 శాతం గెలిచిన ఏడాది అనుకుందాం, అది పెద్ద ఆధిక్యమే. అప్పుడు ఒక్కో మ్యాచ్‌లో గెలుపు అవకాశం సగటున 5 శాతం మారుతుంది. 18 మ్యాచ్‌లకు 0.9 గెలుపు, సుమారు రెండు పాయింట్లు. 2023-24లాంటి 51.6 శాతం ఏడాదిలో అయితే అర పాయింట్.

కాబట్టి సెయింట్ లూయిస్‌ను దెబ్బతీసింది కఠినమైన ప్రత్యర్థులు కాదు, ఎనిమిదో చోటుకు గీత ఎక్కడ పడిందన్నది. ఈ రెంటినీ కలిపేయడం వల్లే ఎక్కువ వాదనలు తెగవు.

తొమ్మిదో అడుగు: ప్లేఆఫ్స్‌ను చివర చూడండి, తక్కువ చూడండి

2014 ఫైనల్‌లో వెస్ట్ జట్టు లాస్ ఏంజెలెస్ కింగ్స్ ఈస్ట్ జట్టు న్యూయార్క్ రేంజర్స్‌ను 4-1తో ఓడించింది. చూడటానికి ఏకపక్షం. కానీ ఆ నాలుగు గెలుపుల్లో మూడు ఓవర్‌టైమ్‌లో వచ్చినవి. 2024 ఫైనల్ ఇంకా విచిత్రం. ఈస్ట్ నుంచి వచ్చిన ఫ్లోరిడా మొదటి మూడూ గెలిచింది, వెస్ట్ నుంచి వచ్చిన ఎడ్మంటన్ తర్వాతి మూడూ గెలిచింది, ఏడోది ఫ్లోరిడా 2-1తో గెలిచి కప్ ఎత్తింది. సిరీస్ మొత్తంలో గోల్స్ లెక్కపెడితే ఎడ్మంటన్ 23, ఫ్లోరిడా 18. ఏడు మ్యాచ్‌లు, రెండే జట్లు. దానిమీద పదహారు జట్ల బలం తేల్చడం కుదరదు. 2012లో కింగ్స్ వెస్ట్‌లో ఎనిమిదో జట్టుగా వెళ్లి కప్ గెలిచింది. 2023లో 135 పాయింట్ల రికార్డు కొట్టిన బోస్టన్ మొదటి రౌండ్‌లోనే ఓడింది.

పైగా ఫైనల్ తప్ప మిగతా ప్లేఆఫ్స్ అంతా కాన్ఫరెన్స్ లోపలే జరుగుతుంది. అక్కడ మన ప్రశ్నకు జవాబు దొరకదు.

లెక్క కుదరని సీజన్లు

కొన్ని ఏళ్లకు ఈ పద్ధతి పనికిరాదు. 1994-95, 2012-13 లాకౌట్ (యజమానులు, ఆటగాళ్ల వివాదంతో ఆట ఆగిన) సీజన్లలో జట్టుకు 48 మ్యాచ్‌లే, అన్నీ సొంత కాన్ఫరెన్స్‌తోనే. 2012-13లో షికాగో మొదటి 24 మ్యాచ్‌లలో 60 నిమిషాల్లో ఒక్కటి కూడా ఓడలేదు, కానీ ఈస్ట్ జట్టును ఒక్కసారి కూడా ఎదుర్కోకుండానే రెగ్యులర్ సీజన్ ముగించింది. కోవిడ్ వల్ల 56 మ్యాచ్‌లకు కుదించిన 2020-21లో అసలు కాన్ఫరెన్స్‌లే లేవు, ప్రతి జట్టూ సొంత డివిజన్‌తోనే ఆడింది.

2013-14 నుంచి 2016-17 దాకా ఈస్ట్‌లో 16 జట్లు, వెస్ట్‌లో 14. ముఖాముఖి 448 మ్యాచ్‌లు. ఈస్ట్ మొత్తం గెలుపుల నుంచి 432, వెస్ట్ నుంచి 350 తీసేయాలి. ఈ నాలుగేళ్లలో రెండు వైపులా జట్ల సంఖ్య వేరు కనుక మొత్తాలను నేరుగా పోల్చవద్దు.

2026-27 నుంచి లీగ్ 84 మ్యాచ్‌లకు మారుతుంది. సొంత డివిజన్‌లో ప్రతి జట్టుతో నాలుగేసి ఆడతారు. ముఖాముఖి 512 అలాగే ఉంటుంది, లోపలి మ్యాచ్‌లు పెరుగుతాయి. అక్కడి నుంచి 400 బదులు 416 తీసేయండి.